చింతమొద్దు

తొమ్మిదో తరగతిలో
నా నోటుబుక్కు అందరికీ కనపడేట్టు ఎత్తిపట్టి
ప్రేమ్‌రాజు సారు ఒక మాటన్నాడు:
షాంబుల్స్.
క్లాసంతా నవ్వింది, తెలిసినట్టే.
నేనూ నవ్వితి.

గందరగోళమని అర్థం చెప్పి
బోర్డు తుడిచేసినాడు సారు.
అంతకుముందే ఆ మాట
అరచేతిలో పెన్నుతో రాసుకుంటి.

ఆదోనిలో, పత్తి లారీలు మలుపు తిరగలేక
వెనక్కీ ముందుకీ తన్నుకులాడే సందులో
హుసేన్‌పీరా కొట్టంటే మా నాయనదే.
ఆ సంగతి సారుకు తెలీదు.
ఆ మాటకు తెలుసని
నాకప్పటికి తెలీదు.

బడి లైబ్రరీలో లావు డిక్షనరీ ఒకటుండేది,
అట్ట ఊడి, పురికొసతో కట్టి.
అన్నం బెల్లులో ముడి విప్పి చూస్తి.

మొదట అది చిన్న పీటంట, కూర్చునేది.
తర్వాత సరుకు పరిచి అమ్మే బల్ల.
తర్వాత మాంసం బల్ల మాత్రమే.
తర్వాత అట్లాంటి బల్లలుండే వీధి.
తర్వాత కోసే చోటు.
తర్వాత యుద్ధం ముగిసినాక పీనుగులు మిగిలిన నేల.
చివరికి, ఏ నెత్తురూ అంటని
ఉత్త చిందరవందర:
సర్దని గది. నా నోటుబుక్కు.

ఏడు మెట్లు.
మూడో మెట్టు మీద
లుంగీ ఎగ్గట్టుకుని కూర్చోనున్నాడు మా నాయన.

రా, మాటా, లోపలికి రా.
సంచి చాపి నిలబడి చూడు.
తెల్లారకముందే ముల్లా వచ్చి బిస్మిల్లా అనిపోతాడు.
ఏడయ్యేసరికి కొక్కేలకు వరస,
తొడ ఈ పక్క, చాప ఆ పక్క,
కార్జం మూతేసిన గిన్నెలో.
పళ్ళు లేని ఉలిగమ్మకు మెత్తటి ఎదముక్క,
కాలిరిగిన లారీ క్లీనరు పిల్లోడికి పాయా,
అడగాల్సిన పనిలే, ఆయనకెరికే.
పడినచోటే పడీ పడీ కత్తి
చింతమొద్దు నడుమ గుంట చేసింది,
దోసెడు నీళ్ళు పట్టేంత.
ఆదివారం రాత్రి కొట్టు మూసే ముందు
వేన్నీళ్ళు పోసి, రాళ్ళుప్పూ పసుపూ వేసి
బిడ్డకు నలుగు పెట్టినట్టు రుద్ది
గోనెపట్టా కప్పేవాడు.
మా ఇంట్లో అంత నీటైన వస్తువు ఇంకోటి లేదు,
నన్ను కలుపుకుని.

ఇంగ్లీషోళ్ళను అనేదెందుకు?
పిల్లోళ్ళు అరిస్తే మనం మాత్రం
చేపల మార్కెట్టా ఇది, అనమూ?
ఊరిబిండి నంచుకుని తినే పులగాన్ని
కలగాపులగం చేసి పారేయలేదూ?
ఎవరి కష్టం మన ముక్కుకు వాసనొస్తుందో
వాళ్ళ అడ్రసే మనకు తిట్టు.

మొన్న రోడ్డు వెడల్పు చేయడానికొచ్చినారు.
జేసీబీ మొదటి రెండు కొట్లు నమిలి
మూడోదాని ముందు ఊపిరి పీల్చుకుంటా ఉంటే
కుర్ర ఆఫీసరు, ముక్కుకు కర్చీఫు,
ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు:
టోటల్ షాంబుల్స్, సార్.
ఆ గుంపులో
ఆయన మా వీధిని పేరు పెట్టి పిలిచినాడని
తెలిసింది నాకొక్కదానికే.
చెప్పాలనుకుంటి.
దుమ్ము నోట్లోకి పోయింది.

నాయన ఏమీ అడగలేదు, అరవలేదు.
మొద్దును అడ్డంగా పడేసి
పాత టైరు దొర్లించే పిల్లోడి మాదిరి
మెయిన్ రోడ్డు మీద దొర్లించుకుంటా
ఇంటికి తెచ్చినాడు.
వెనక బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

ఇప్పుడది మా వాకిలి పక్కన.
అక్క కొడుకు చాంద్‌బాషా
ఆ గుంటలో సరిగ్గా ఇమిడి కూర్చుని
బూట్ల దారం కట్టుకుంటాడు.
చిన్న పీట.
మొదటి మెట్టు.

నాయనకు అలవాటు పోలేదు.
ఆదివారం రాత్రి ఇప్పటికీ వేన్నీళ్ళు కాస్తాడు,
ఉప్పూ పసుపూ తెమ్మంటాడు.
సోమవారం పొద్దున
వాడి తెల్ల లాగు వెనక
పచ్చగా, గుండ్రంగా మరక.
బడిలో సారు ఏదో ఒక మాటంటాడు.
ఏం మాటో
సాయంత్రం వాణ్ణి అడగాల.